సైన్సు గదిలో భూకంపం

భూకంపాల పాఠం నిజానికి నాది కాదు. అది సాంఘికశాస్త్రం పుస్తకంలో ఉండేది. నేను సైన్సు చెప్పేదాన్ని. రేపల్లెలో మా హైస్కూల్లో సోషల్ మాస్టారు ఆ పాఠాన్ని ఒక పీరియడ్‌లో చదివించి, ముఖ్యమైన వాక్యాల కింద గీతలు గీయించి, పక్క పాఠంలోకి వెళ్లిపోయేవారు. ఆయన తప్పేం లేదు, పరీక్షలో దానికున్న విలువ అంతే. కానీ తొంభై మూడు సెప్టెంబరు ఆఖర్లో మహారాష్ట్రలో భూకంపం వచ్చింది. ఊళ్లకు ఊళ్లు తెల్లవారుజామున నిద్రలోనే కూలిపోయాయని పేపర్ల నిండా ఫోటోలు వచ్చాయి. ఇక పదో తరగతి పిల్లలు ఆయన్ని వదిలేసి నా మీద పడ్డారు.

"టీచర్, భూమి ఎందుకు కదులుద్ది?" "టీచర్, మనకీ వస్తుందా?" "కదిలితే మనకి తెలుస్తుందా టీచర్?"

నాకు ముక్కు మీదే కోపం. చాక్‌పీసు విసిరితే గురి తప్పదని స్కూలంతా చెప్పుకునేవారు. కానీ ప్రశ్న అడిగే పిల్లల్ని చూస్తే మాత్రం సంబరంతో నాకు ఒళ్లు తెలియదు. ఆ పాఠాన్ని సోషల్ మాస్టారి దగ్గర్నుంచి లాగేసుకున్నాను. ఆయన బతికిపోయానన్నట్టు మొహం పెట్టి ఇచ్చేశారు.

మొదట తరంగాలు చెప్పాలి. బోర్డు మీద గీస్తే వాళ్లకి ఎక్కలేదు. క్లాసునంతా వరండాలోకి తీసుకొచ్చి, వరసగా నిలబెట్టి, ముందువాళ్ల భుజాల మీద చేతులు వేయమన్నాను. చివర నిలబడ్డవాణ్ని ముందుకు నెట్టాను. ఆ తోపు ఒక్కొక్కళ్లనూ దాటుకుంటూ క్షణంలో మొదట నిలబడ్డ పిల్ల దాకా వెళ్లిపోయింది. "ఇది మొదటి తరంగం, అన్నిటికంటే ముందొచ్చేది ఇదే" అన్నాను. తర్వాత చివరివాణ్ని పక్కకు ఊపాను. వరస మెలికలు తిరుగుతూ నిదానంగా ఊగింది. "ఇది రెండోది. ఆలస్యంగా వస్తుంది, వచ్చిందంటే ఎక్కువ ఊపుతుంది" అన్నాను. మూడో తరంగం నేను చెప్పనిది. వరస మొత్తం ఒకళ్ల మీద ఒకళ్లు పడి, పక్కనే జరుగుతున్న ఏడో తరగతి లెక్కల క్లాసులోకి దొర్లింది. లెక్కల మాస్టారు నాతో వారం రోజులు మాట్లాడలేదు. నాకేం దిగుల్లేదు, పిల్లలు మాత్రం ఆ రెండు తరంగాలనూ జన్మలో మర్చిపోరు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నాకు ఆగడం చేతకాదు. భూకంపాన్ని రాసే యంత్రం ఒకటి మనమే చేద్దామన్నాను.

నేను తెనాలిలో ఉండేదాన్ని. రోజూ పొద్దున ప్యాసింజర్‌లో రేపల్లె వచ్చి సాయంత్రం వెళ్లేదాన్ని. మా అన్నయ్య బాపట్ల వ్యవసాయ కళాశాలలో పనిచేసేవాడు. అక్కడ ఎండా వానా లెక్కలు రాసుకునే పరికరాలుంటాయి. వాటిలో ఒక ఇత్తడి డబ్బా ఉంటుంది. దాని లోపల గడియారం, కీ ఇస్తే రోజుకో చుట్టు తిరుగుతుంది. డబ్బా మీద కాగితం చుట్టి పక్కన కలం ఆనిస్తే, రోజంతా జరిగింది కాగితం మీద గీతగా పడుతుంది. పాతబడి పక్కన పెట్టిన డబ్బా ఒకటి ఉందని అన్నయ్య ఎప్పుడో నోరు జారాడు. రెండు ఆదివారాలు బాపట్ల వెళ్లి అతని ప్రాణం తీశాను. మూడో ఆదివారానికి పైవాళ్లనడిగి, కాగితాల మీద సంతకాలు పెట్టించి, నా చేతిలో పెట్టి దణ్ణం పెట్టాడు.

దాన్ని తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని రైలెక్కాను. ఎదురుగా చేపల గంపతో కూర్చున్న పెద్దావిడ కాసేపు చూసి అడిగేసింది.

"ఏంటమ్మా అది, చంటిబిడ్డలాగా ఎత్తుకున్నావు?"

"భూకంపం వస్తే రాసే మిషనండి."

"వచ్చాక రాస్తే ఏం లాభం? రావద్దని రాయమను" అంది. పెట్టెలో అందరూ నవ్వారు. నేను మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. అలాంటి మాటలకు వెంటనే జవాబు తోచకపోతే నాకు తెనాలి వచ్చేదాకా మండుతూనే ఉంటుంది.

మిగతాది పిల్లలే చేశారు. సైన్సు గదిలో ఒక మూల ఇనప స్తంభం నిలబెట్టారు. దానికి గేటు తలుపులా అటూ ఇటూ కదిలే కడ్డీ తగిలించి, కడ్డీ చివర కిరాణా కొట్టులోంచి తెచ్చిన ఐదు కిలోల తూకపు రాయి కట్టారు. రాయి కొసన కలం, కలం ముందు నా ఇత్తడి డబ్బా. "బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడ్డవాళ్లు ఎందుకు వెనక్కి పడతారు?" అని అడిగాను. "కాళ్లు బస్సుతో పోతాయండి, ఒళ్లు ఉన్నచోటే ఉండిపోద్ది" అన్నారు. "భూమి బస్సు, ఈ రాయి నిలబడ్డ మనిషి" అన్నాను. ఒక్కసారిగా అందరి మొహాలూ వెలిగాయి. ఉద్యోగంలో నాకు అంతకు మించిన జీతం లేదు.

కాగితం మార్చే పని ఒకమ్మాయి తనంతట తనే తీసుకుంది. స్కూలు వెనక గోడకు అవతల పాలెంలో ఉండేది, మామ్మ పెంచిన పిల్ల. లెక్కల్లో, సైన్సులో క్లాసుకి మొదటిది. రోజూ పొద్దున తాళం తీయించి, పాత కాగితం విప్పి, తేదీ వేసి, కొత్తది చుట్టి, కీ ఇచ్చేది. వారంలోపే ఆ గీతల్ని పుస్తకంలా చదవడం నేర్చేసింది. పొద్దున తెనాలి ప్యాసింజర్ వస్తే నిలువుగా ఒక గీత. రైసుమిల్లు నడిచినంతసేపూ సన్నటి వణుకు. పదకొండింటికి పడే బుడిపె మా హెడ్మాస్టారు, రౌండుకొచ్చి గుమ్మం దగ్గర నిలబడేవారు, భారీ మనిషి. మాది మెత్తటి నల్లమట్టి నేల, ఏం జరిగినా మోసుకొస్తుంది.

ఒకరోజు ఆ పిల్లే అడిగింది. "టీచర్, ఇది ముందే చెబుద్దా? వచ్చేముందే?"

పుస్తకంలో జవాబు స్పష్టంగా ఉంది. ప్రపంచంలో ఎవరూ ముందే చెప్పలేరు. నాకది కంఠతా వచ్చు. కానీ ఎదురుగా నేను తెచ్చిన డబ్బా తిరుగుతోంది, క్లాసంతా నా వైపే చూస్తోంది. గొప్పకు పోయాను. "ఊరందరి కంటే ముందు మనకే తెలుస్తుంది, చూస్తూ ఉండు" అన్నాను. ఆ పిల్ల ఎందుకు అడిగిందో ఆలోచించనే లేదు.

డిసెంబరులో ఒక సోమవారం నేను స్కూలుకు వచ్చేసరికి పిల్లలంతా డబ్బా చుట్టూ మూగి ఉన్నారు. కాగితం మీద తెల్లవారుజామున నాలుగు నుంచి ఐదున్నర దాకా గీత ఉబ్బిపోయి, సిరా అలికినట్టు మందంగా ఉంది. ఆ వేళ రైలు లేదు, మిల్లు లేదు, హెడ్మాస్టారు లేరు. మంగళవారం మళ్లీ అదే వేళకు అదే పట్టీ. బుధవారం ఇంకొంచెం మందంగా. మహారాష్ట్రలో భూమి కదిలింది కూడా ఆ వేళకేనని ఎవరో అన్నారు. నిజం చెప్పాలంటే నాకు భయం వేయలేదు, సంబరం వేసింది. నా మిషను ఏదో పట్టుకుంది! ఏం పట్టుకుందో తెలియకపోయినా పెద్ద మనిషిలా తలాడిస్తూ "చూద్దాం, చూద్దాం" అన్నాను.

పిల్లలు ఇంటికి వెళ్లి ఏం చెప్పారో నాకు గురువారం తెలిసింది. క్లాసులో సగం మంది లేరు. భూకంపం వస్తోందని, సైన్సు టీచరు మిషను మూడు రోజులుగా చెబుతోందని ఊళ్లో పాకిపోయింది. ఆ చలిలో కొన్ని వీధులవాళ్లు మంచాలు బయట వేసుకుని పడుకున్నారట. హెడ్మాస్టారు పిలిపించారు.

"మీ మిషనన్నా ఉండాలి, మా స్కూలన్నా ఉండాలి టీచర్. రెండూ ఉండవు. శనివారం లోపు తేల్చండి."

ఆయన మీద మండిపడుతూ క్లాసుకొచ్చాను. కాగితం మార్చే అమ్మాయి కూడా రాలేదు. ఎందుకు రాలేదని పక్కన కూర్చునే స్నేహితురాలిని గద్దించాను.

"వాళ్ల మామ్మ పెట్టె సర్దేసిందండి. శనివారం నరసరావుపేట అవతల వాళ్ల పిన్ని వాళ్లూరు పంపించేస్తుందంట. అది రాళ్ల నేలంట, కదలదంట."

"మళ్లీ ఎప్పుడొస్తుంది?"

"ఇంక రాదంటండి. అక్కడ మిరపకాయలు కోయడానికి పోద్దంట."

మార్చిలో పబ్లిక్ పరీక్షలు. వాళ్లింట్లో పదో తరగతి దాకా వచ్చినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. నేను ఒక్క వాక్యం గొప్పకు పోయి చెప్పినందుకు ఆ పిల్ల చదువు పోతోంది. హెడ్మాస్టారి మీద కోపం ఎటు పోయిందో తెలియదు, నా మీద నాకే అసహ్యం వేసింది.

శుక్రవారం భోజనాల బెల్లు కాగానే గోడ చుట్టూ తిరిగి పాలెంలోకి వెళ్లాను. చర్చి పక్కన మూడో ఇల్లు. వాకిట్లో రేకుపెట్టె సర్ది ఉంది. పిల్ల గుమ్మంలో తలొంచుకుని కూర్చుంది. మామ్మ బక్కపలచటి మనిషి. ఆవిడ రెండు చేతుల మీదా మోచేతుల దాకా సన్నటి పాత మచ్చలున్నాయి.

"మామ్మగారూ, పిల్లని పంపొద్దండి. పరీక్షలు మూడు నెలల్లోకి వచ్చాయి" అన్నాను.

ఆవిడ కూర్చోమని కూడా అనలేదు.

"టీచరమ్మా, ఉప్పెనలో నా కొడుకు, కోడలు పోయారు. ఇది అప్పటికి ఐదు నెలల పిల్ల. కొంగుతో పొట్టకి కట్టుకుని తుమ్మచెట్టు పట్టుకున్నాను. నీళ్లు తీసిందాకా వదల్లేదు. ఆ ముళ్ల గీతలే ఇయ్యి. ఇప్పుడు ఇంకోటొస్తుందని మీరే చెప్పి, మళ్లీ పిల్లని ఇక్కడే ఉంచమని మీరే అంటారేంటి?"

ఆవిడ మొహంలోకి చూడలేక వాకిలి వైపు చూశాను. నేలలో పాతిన పెద్ద రోలు. గోడకు చేరేసిన నాలుగు రోకళ్లు. అరుగు మీద తడిగుడ్డ కప్పిన గిన్నె నిండా బియ్యప్పిండి. నా బుర్రలో ఏదో కదిలింది.

"పిండి ఎప్పుడు దంచారండి?"

"అరిసెలకి. పండగొస్తంది కదా" అంది. నేనడిగింది అది కాదు.

"ఎప్పుడు? ఏ వేళప్పుడు?"

"ఇంకెప్పుడు, తెల్లారగట్ట. పొద్దెక్కితే కోతలకి పోవద్దూ? నాలుగింటికి మొదలెడితే ఐదున్నరకి అవుద్ది."

"రోజూనా?"

"సోమారం మాది. మంగళారం ఎదురింటోళ్లది. బుధారం మూలింటోళ్లకి పెద్ద సంసారం, కుంచెడు ఎక్కువ పోశాం. క్రిస్మస్ లోపు వీధంతా అవ్వాల. తడిపిండి మిల్లులో పడితే అరిసె ఇరుగుద్ది, దంచితేనే బాగుంటాయి. నేను లేకపోతే వీళ్లకి దెబ్బ సమానంగా పడదు."

"భూకంపమని భయపడుతూనే దంచారా మామ్మగారూ?"

"భూకంపమొస్తే మాత్రం, పండగ మానుకుంటామా? ఊరెళ్లే పిల్లకి డబ్బాలో పెట్టి పంపొద్దా?"

నవ్వు ఆపుకుందామని చాలా ప్రయత్నించాను. నా వల్ల కాలేదు. ఆవిడకు కోపం వచ్చింది. పిల్ల మాత్రం తలెత్తి నా వైపు చూసింది, తర్వాత రోటి వైపు, తర్వాత స్కూలు గోడ వైపు. నేను చెప్పకముందే దానికి అర్థమైపోయింది. "మామ్మా! నువ్వే! నువ్వే మామ్మా!" అని అరుస్తూ లేచి, చెప్పులు కూడా లేకుండా స్కూలుకి పరిగెత్తింది.

మర్నాటికని నానబోసిన బియ్యం ఇంకో బిందెలో ఉన్నాయి. బతిమాలి అవి రోట్లో పోయించాను. కోతల నుంచి ముందుగా వచ్చిన మరో ముగ్గురు ఆడవాళ్లు రోకళ్లు పట్టుకున్నారు. సైన్సు గదిలో మిగిలిన సగం క్లాసు, హెడ్మాస్టారు, కాగితం మార్చే అమ్మాయి కలాన్నే చూస్తున్నారు. నేను చీర బిగించి పాలెం వైపు గోడ మీదకెక్కి కూర్చున్నాను. స్కూల్లో నన్ను అలా ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"దంచండి!" అన్నాను. నాలుగు రోకళ్లు ఒకదాని వెంట ఒకటి పడ్డాయి.

గదిలోంచి ఒక్కసారిగా అరుపు. "కదిలింది టీచర్!"

"ఆపండి!"

"ఆగింది టీచర్!"

"మళ్లీ!"

"మళ్లీ కదిలింది!"

మూడోసారికి పిల్లలు కిటికీల్లోంచి, వరండాలోంచి, గోడ మీదుగా కేకలు పెడుతున్నారు. రోకళ్లు ఆపమన్నా ఆపడం లేదు. హెడ్మాస్టారు గది బయటికొచ్చి చేతులూపుతూ "ఇంకొంచెం గట్టిగా దంచండమ్మా!" అని అరిచారు. నా ఉద్యోగ జీవితంలో ఆయన నోటి వెంట విన్న అతి మంచి మాట అదే.

చేతులకు పిండితోనే మామ్మ స్కూలుకొచ్చింది, వెనకాల పాలెం ఆడవాళ్లంతా. మనవరాలు దాచిన కాగితాలు తీసి చూపించింది. "ఇదిగో సోమవారం మనిల్లు. ఇదిగో బుధవారం మూలింటోళ్ల కుంచెడు." ఆవిడకు చదువు రాదు. వేలితో ఆ మందపాటి పట్టీని మెల్లగా తడిమింది.

"నా రోకలి రాసిందా ఇదంతా?"

"నువ్వే రాశావు మామ్మా."

"మరి ఇదేంటి, బుడిపెలాగా?"

"అది హెడ్మాస్టారండి" అన్నాడు ఎవడో వెనకనుంచి. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన కూడా నవ్వేశారు. తమ రోకలి కూడా విడిగా రాయించమని ఎదురింటావిడ పట్టుపట్టింది. ఆ మధ్యాహ్నం సైన్సు గదిలో ఎవరికీ పాఠం జరగలేదు, నేను అంత సంతోషంగా మరే మధ్యాహ్నమూ గడపలేదు.

నవ్వులు సద్దుమణిగాక మామ్మ ముందు బెంచీ మీద కూర్చుంది. పిండి చేతులు ఒళ్లో పెట్టుకుని నన్ను అడిగింది.

"సరే టీచరమ్మా. నా రోకలిని పట్టింది. నిజంది వచ్చేముందు చెబుద్దా ఇది?"

మనవరాలు కాగితం పట్టుకుని నా వైపే చూస్తోంది. చెబుతుందంటే పెట్టె విప్పుతుంది, పిల్ల ఉండిపోతుంది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

"చెప్పదండి" అన్నాను. "వచ్చాక రాస్తుంది, అంతే. ముందే చెప్పే మిషను ఎక్కడా లేదు. నాకూ తెలీదు. ఆ రోజు క్లాసులో గొప్పకు పోయి తెలుస్తుందని చెప్పాను. అది తప్పండి."

పిల్లల ముందు అలా ఒప్పుకోవడం నాకు అదే మొదలు. మామ్మ చేతుల పిండి దులుపుకుంది. ఇక అయిపోయింది, శనివారం బస్సెక్కించేస్తుంది అనుకున్నాను.

"ఉప్పెన ముందు గాలి చూసి భయమేసి ఎవర్నడిగినా ఏం కాదన్నారమ్మా. నాకు తెలీదు అన్నవాళ్లు ఒక్కళ్లు లేరు. తెలీదని అనుంటే లేచి ఎటో ఒకటు పోయేవాళ్లం" అంది. "తెలీనిది తెలీదని చెప్పేదాని దగ్గరైతే నా పిల్లని వదుల్తాను. పెట్టె విప్పేస్తాలే."

ఆవిడ లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగింది. మా సైన్సు గదికి రెండు రెక్కల తలుపు. అందులో ఒక రెక్క నేను చేరకముందు నుంచే గడియ పెట్టి ఉంది, దాని వెనక బీరువా.

"మరి అదొస్తే ఈ పిల్లలు బయటికెట్లా వస్తారు? అది నేర్పావా?"

నేర్పలేదు. తరంగాలు నేర్పాను, రాయి ఎందుకు కదలదో నేర్పాను, గీతలు చదవడం నేర్పాను. బయటికి ఎలా రావాలో మాత్రం ఒక్క రోజూ చెప్పలేదు.

ఆ సాయంత్రమే బీరువా జరిపించాం. గడియ తుప్పు పట్టి ఉంటే హెడ్మాస్టారు స్వయంగా రాయితో కొట్టి ఊడదీశారు. సోమవారానికి క్లాసులో నలభై రెండు మందీ వచ్చేశారు, ఊరు కూడా మంచాలు లోపల వేసుకుంది. మొదటి పీరియడ్‌లోనే బెల్లు కొట్టించాను. పిల్లలు ముందు బెంచీల కింద దూరి తలలు కాచుకోవాలి, రెండో బెల్లుకి వరసగా బయటికి రావాలి. మొదటిసారి బెంచీల కింద ఒకటే నవ్వులు, గిల్లుకోవడాలు. చాక్‌పీసులు నాలుగు వాడాల్సి వచ్చింది. రెండోసారి కుదురుగా చేశారు.

మామ్మ కోతలకి పోతూ, చేతిలో కొడవలితో గోడ పక్కన నిలబడి చూస్తోంది. మనవరాలు నాలుగోదిగా బయటికొచ్చి చెయ్యి ఊపింది. ఇక వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. కొడవలి గోడ మీద పెట్టి, వచ్చేవాళ్లను ఒక్కొక్కళ్లనే వేలితో చూపిస్తూ, నారు కట్టలు లెక్కపెట్టినట్టు పెదాలు కదుపుతూ నిలబడింది. అందరికంటే వెనకగా చొక్కా గుండీ పెట్టుకుంటూ ఒకడు తీరిగ్గా వచ్చేదాకా ఆవిడ వేలు దించలేదు.

"నలభై రెండు" అంది నాతో. "అందరూ వచ్చేశారు టీచరమ్మా." అప్పుడు కొడవలి తీసుకుని చేలోకి వెళ్లింది.